మెదడులో దడ

జూన్ 11

అక్కా,

నేను బాగానే ఉన్నాను, ఎడమ మోకాలు తప్ప. నువ్వూ, అమ్మాయీ, పాపా బాగున్నారనుకుంటాను.

ఈ నెల ఉత్తరం పదిహేను రోజులు ముందే రాస్తున్నాను. కారణం విన్నాక నవ్వకూడదు. నేను మళ్ళీ చదువుకుంటున్నాను. నలభై అయిదేళ్ళ వయసులో, జుట్టు సగం ఊడాక.

నా పని నీకు తెలుసుగా. మెడికల్ కాలేజీలో సీసాల గది నాది. క్లాసు ఉన్న రోజు పొద్దున్నే మెడదుల్ని మందు నీళ్ళలోంచి తీసి, కడిగి, తడి గుడ్డ కప్పి ట్రేలలో పెడతాను. విద్యార్థులు లోపలికి రాగానే నేను బయటికి వచ్చి తలుపు దగ్గర నిలబడతాను. ఇరవై రెండేళ్ళుగా ఇదే వరస. పోయిన వారం ఒక విద్యార్థిని తలుపు దగ్గరికొచ్చి, "అన్నా, చెవి వెనకాల వైపు ఉండే ముక్క ఏది?" అని అడిగింది. చూపించాను. ఇంకో ఇద్దరు వచ్చారు. వాళ్ళకీ చూపించాను. వెనక్కి తిరిగితే మా మేడమ్ నిలబడి ఉంది. ఇక ఉద్యోగం ఊడిందే అనుకున్నాను.

ఆమె అన్నదేంటో తెలుసా? "నువ్వు బయట నిలబడటం దండగ. మొదటి సంవత్సరం క్లాసులో కూర్చో. నవంబరులో పరీక్ష రాయి. పాసైతే వచ్చే ఏడాది నుంచి పిల్లలకి ట్రేల దగ్గర చూపించి చెప్పే పని నీదే."

ఆ క్లాసు పేరు మెడదు పరిచయం. కడుపులో బిడ్డకి మెడదు తయారవడంతో మొదలుపెట్టి, మనిషి నేర్చుకోవడం, భయపడటం, అలవాటు పడటం దాకా చెబుతారు. పుట్టినప్పుడు మూడు వందల యాభై గ్రాములుండేది పెద్దయ్యేసరికి కిలో మూడు వందలు దాటుతుందట. నేను ఇన్నేళ్ళూ తూకం వేసినవన్నీ అంతే ఉన్నాయి కానీ, ఎందుకని ఎప్పుడూ అడగలేదు.

ఫోన్ చేసి చెప్పొచ్చు. కానీ నేను ఇల్లు వదిలిన రోజు నువ్వు పెట్టిన షరతు గుర్తుంది. నెలకో ఉత్తరం రాయకపోతే నేర్పిన అక్షరాలు తుప్పు పడతాయన్నావు. అందుకే ఇది ఒకసారి చిత్తు రాసి, ఒకసారి సాపు రాసి పంపుతున్నాను. మూడు సాయంత్రాలు పట్టింది.

ఈ పరీక్ష నావల్ల అవుతుందంటావా?

నీ తమ్ముడు

---

జూన్ 23

ఒరేయ్ తమ్ముడూ,

నవ్వొద్దన్నావు కాబట్టి నవ్వలేదు. ఏడ్చాను. కుట్టుషాపులో ఉన్న ఇద్దరు ఆడవాళ్ళూ ఎవరో పోయారనుకుని కుర్చీ వేసి కూర్చోబెట్టారు. పోవడం కాదమ్మా, మా తమ్ముడు పెద్ద కాలేజీలో క్లాసుకి వెళ్తున్నాడు అని చెప్పి ఉత్తరం వాళ్ళకి చదివి వినిపించాను.

అక్కడే వచ్చింది చిక్కు. నువ్వు ఉత్తరమంతా మెడదు, మెడదు అని రాశావు. నేను తొందరలో మెడ అని చదివేశాను. సీసాల్లో మెడలు పెడతారని నాకేం తెలుసు, మీ కాలేజీలో ఏమైనా పెడతారు. మా తమ్ముడు మెడల మీద చదువుతున్నాడు అని వీధంతా చాటాను. మర్నాడు ఎదురింటి బస్సు డ్రైవరు మెడ పట్టేసిందని వచ్చి, నీ ఫోన్ నంబరు అడిగాడు. అప్పుడు కూర్చుని ఒక్కో అక్షరం చదివితే కిలో మూడు వందల గ్రాముల మెడ ఏంటిరా అని అనుమానం వచ్చింది.

నలభై ఏళ్ళుగా అదే తప్పు. ద ముందు, డ తర్వాత. ఇలా గుర్తుపెట్టుకో: మె తర్వాత దడ. పరీక్షంటే నీకు పుట్టే దడ. మెదడులో దడ ఉంటుంది. ఇక మర్చిపోయావంటే నేనే వచ్చి స్కేలుతో కొడతాను.

నీవల్ల అవుతుందా అని నన్నడుగుతావా? నీవల్ల కాకపోతే ఇంకెవరి వల్ల అవుతుంది? ఆ మేడమ్‌కి కళ్ళున్నాయి. బతికుండాలి ఆమె నూరేళ్ళు.

ఇక్కడ అంతా మామూలే. స్కూళ్ళు తెరిచారు కదా, యూనిఫారాలతో ఊపిరాడటం లేదు. అమ్మాయి పోస్టాఫీసు ఉద్యోగానికి పోతూ పాపని నా దగ్గర వదిలిపోతోంది. పాపకి ఎనిమిదో నెల. నేను కింద చాప మీద గుడ్డ పరిచి కత్తిరిస్తుంటే, అటునుంచి పాకుతూ వచ్చి సరిగ్గా గీత గీసిన చోటే కూర్చుంటుంది. నేను కూర్చునే ఒళ్ళోకి లాక్కుంటాను. అమ్మాయి సాయంత్రం వచ్చి, "కాస్త లేచి ఎత్తుకుని తిప్పొచ్చుగా అమ్మా" అని సణుగుతుంది. నాకు నడుం నొప్పి అంటాను.

ఊరికే అడుగుతున్నా, మీ క్లాసులో చెప్పారా? ఎనిమిది నెలల పిల్ల తల రాతికి తగిలేలా కింద పడితే లోపల మెదడుకి ఏమవుతుంది? పెద్దయ్యాక తెలివితేటలకి ఏమైనా అడ్డమా? తీరిక ఉన్నప్పుడు రాయి.

మీ అక్క

---

జూన్ 30

అక్కా,

పాప ఎప్పుడు పడింది? ఎంత ఎత్తు నుంచి?

వాంతులు అయ్యాయా? మామూలుగా కంటే ఎక్కువ నిద్రపోతోందా? నడినెత్తి మెత్తగా ఉండే చోట ఉబ్బిందా? చెవిలోంచి, ముక్కులోంచి నీళ్ళలాంటిది ఏమైనా కారిందా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఉత్తరం అక్కడే పడేసి ఆసుపత్రికి పరుగెత్తు.

నీ ఉత్తరం అందగానే షాపుకి ఫోన్ చేశాను. నువ్వు కాదు, అమ్మాయి ఎత్తింది. పాప పడిందటగా, ఎలా ఉంది అని అడిగేశాను.  ఠక్కున ఫోన్ పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఎవరూ ఎత్తలేదు.

నడుం నొప్పితో పిల్లని ఎత్తుకోకు అక్కా. పడిందని దాచకు. వెంటనే రాయి.

తమ్ముడు

---

జూలై 8

ఏరా పెద్దమనిషీ,

చదువుకోమని పంపితే నా కొంప ముంచావు.

పాప పడలేదు! పడలేదు, పడలేదు! ఊరికే అడుగుతున్నానని రాశానా లేదా? నీ ఫోన్ విని అమ్మాయి పాపని ఎత్తుకుని ఆసుపత్రికి పరుగెత్తింది. మూడు గంటలు కూర్చోబెట్టారు. డాక్టరు కంట్లోకి టార్చి వేస్తే పాప దాన్ని లాక్కుని నోట్లో పెట్టుకుంది. అదీ దాని జబ్బు.

ఇంటికొచ్చి అమ్మాయి నన్ను నిలదీసింది. ఎక్కడ పడేశావు, ఎందుకు దాచావు అని. ఒట్టు పెట్టినా నమ్మలేదు. "నన్ను నువ్వు ఎప్పుడూ ఎత్తుకుని తిప్పలేదు. పక్కింటావిడ ఎత్తుకుంటే నేను అమ్మా అని ఆమెని పిలిచానట. దీన్నైనా ఎత్తుకుంటావేమో అనుకుంటే, ఎత్తుకున్న ఒక్కరోజూ పడేశావా?" అంది. 

ఇప్పుడు పాపని పై అంతస్తులో ఉండే ఆవిడ దగ్గర వదులుతోంది. నా షాపు మీదుగానే మెట్లెక్కి పోతుంది, తల తిప్పదు. పాప మాత్రం నన్ను చూసి చేతులు చాస్తుంది. చాప మీది గుడ్డపై గీసిన గీతలు ఎవరూ చెరపకుండా అలాగే ఉంటున్నాయి.

నువ్వు నీ చదువు చూసుకో. దీని గురించి ఇక ఏమీ అడక్కు.

మీ అక్క

---

జూలై 29

అక్కా,

తప్పు నాదే. అమ్మాయికి విడిగా రాశాను, అక్క ఊరికే అడిగింది, నేనే తప్పుగా అనుకున్నాను అని. నమ్ముతుందో లేదో.

క్లాసులో ఈ నెల చెప్పింది నీకు నచ్చుతుంది. బిడ్డ పుట్టేసరికే మెదడులో కణాలు దాదాపు అన్నీ ఉంటాయట. తర్వాత ఒకదానికొకటి లంకెలు వేసుకుంటాయి. పాప వయసులో మన కంటే ఎక్కువ లంకెలుంటాయి. వాడుకున్నవి గట్టిపడతాయి, వాడనివి నెమ్మదిగా పోతాయి. మేడమ్ దీన్ని కత్తిరింపు అంది. పక్కనున్న పిల్లలు అయ్యో అన్నారు. నేను మాత్రం నువ్వు చొక్కా కత్తిరించాక మిగిలే పీలికల కుప్ప గుర్తొచ్చి, చొక్కా కావాలంటే మరి కత్తిరించాలి కదా అన్నాను. క్లాసంతా నవ్వింది. మేడమ్ నవ్వలేదు, ఆ మాట పుస్తకంలో రాసుకుంది.

(పైన మెదడు అని సరిగ్గా రాశాను చూశావా? రాసేటప్పుడల్లా దడ, దడ అని గొణుక్కుంటున్నాను. పక్కబెంచీ కుర్రాడు భయపడి దూరం జరిగాడు.)

ఇక అసలు సంగతి. మొదటి చిన్న పరీక్ష పెట్టారు. ఇరవై అయిదుకి ఏడు వచ్చాయి. జవాబులు తెలియక కాదు. ప్రశ్నలు చదవడం పూర్తయ్యేసరికి గంట కొట్టేశారు. అక్షరాలు ఒకదాని చోట ఒకటి నిలబడతాయి, చిన్నప్పటిలాగే. కాగితం చూసిన పక్కవాడు తన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. నా చెవుల్లో ఒకటో తరగతి మాస్టారి గొంతు వినబడింది. మొద్దు, ఒరేయ్ మొద్దూ అని.

వచ్చే వారం మేడమ్‌కి చెప్పి మానేద్దామనుకుంటున్నాను. నా గది, నా సీసాలు నాకు చాలు. తలుపు బయట నిలబడటం నాకు అలవాటే.

ఒక్కటి మాత్రం అడగాలి. అడక్కు అన్నావు కానీ నిద్రలో కూడా అదే తిరుగుతోంది. పాప పడకపోతే, ఎవరు పడ్డారక్కా?

నీ తమ్ముడు

---

ఆగస్టు 9

తమ్ముడూ,

నువ్వే.

రాయడం మొదలుపెట్టి నాలుగు కాగితాలు చించేశాను. ఇది చించను.

నాకు తొమ్మిదేళ్ళు, నీకు ఎనిమిది నెలలు. అమ్మ బట్టలు ఆరేయడానికి పైకి వెళ్తూ, తమ్ముణ్ణి చూస్తుండు, కింద కూర్చోబెట్టుకునే ఉండు అంది. వీధిలోకి రోడ్డు రోలరు వచ్చింది. అంత పెద్ద చక్రం నువ్వెప్పుడూ చూడలేదు కదా, నీకు చూపించాలనిపించింది. నిన్ను చంకనెత్తుకుని వాకిట్లో బల్ల ఎక్కాను. నువ్వు చక్రాన్ని చూసి కేరింతలు కొట్టి ముందుకు ఎగిరావు. చెయ్యి జారింది. రాతి మెట్టు మీద నీ తల తగిలిన చప్పుడు నాకు ఇప్పటికీ వినబడుతుంది.

నువ్వు చాలాసేపు ఏడ్చి నిద్రపోయావు. అమ్మ కిందికి వచ్చి బొప్పి చూస్తే, పాకుతూ మెట్టుకి కొట్టుకున్నాడని చెప్పాను. అమ్మ తడిగుడ్డ వేసింది. అంతే, ఎవరూ మళ్ళీ అడగలేదు. అమ్మ పోయేదాకా కూడా నేను చెప్పలేదు.

నువ్వు ఒకటో తరగతి రెండుసార్లు చదివావు. మాస్టారు మొద్దు అన్నాడు, తర్వాత వీధంతా అదే పేరైంది. పిలిచిన ప్రతిసారీ నాకు ఆ మెట్టు కనబడేది. అందుకే నీకు అక్షరాలు నేర్పాను. అమ్మ దగ్గర సుద్దముక్క తీసుకుని, పాత దుప్పటి మీద బారెడేసి అక్షరాలు గీసి, వాటి మీద నీ వేలు పెట్టించి గట్టిగా పలికించాను. ఒక్క 'అ' మీదే నెల రోజులు. అక్కకి తమ్ముడంటే ఎంత ప్రేమో అని చుట్టుపక్కలవాళ్ళు అనేవారు. ప్రేమ కాదురా. పాడుచేసిన దాన్ని బాగుచేయాలని భయం.

ఆ రోజు నుంచి ఏ పసిపిల్లనీ నిలబడి ఎత్తుకోలేదు. కన్నకూతుర్ని కూడా. ఎత్తుకుని లేవబోతే గుండె దడదడలాడేది. కూర్చునే పాలిచ్చాను, కూర్చునే జోకొట్టాను. నడుం నొప్పి అబద్ధం. దానికి ఈ కారణం ఎలా చెప్పను?

ఆ ఏడు మార్కులు నీవి కావు, నావి. నామీద కోపం తెచ్చుకో, తిట్టు, ఉత్తరం మానేయి. పరీక్ష మాత్రం మానకు.

మీ అక్క

---

సెప్టెంబరు 22

తమ్ముడూ,

నలభై నాలుగు రోజులు. ఇరవై ఆరేళ్ళలో నీ ఉత్తరం ఒక్క నెల తప్పలేదు.

ఉత్తరం మానేయమని నేనే రాశాను, నిజమే. కానీ నువ్వు నా మాట ఎప్పుడు విన్నావు గనక, ఇప్పుడు వినడానికి?

పరీక్ష ఫీజు కట్టే తేదీ ఈ నెలాఖరని నీ మొదటి ఉత్తరంతో వచ్చిన కాగితంలో ఉంది. కట్టావా? కట్టాను అని ఒక్క ముక్క రాయి. మిగతా కాగితం ఖాళీగా ఉన్నా ఫరవాలేదు.

అక్క

---

సెప్టెంబరు 30

అక్కా,

కట్టాను.

కోపం కాదు. ఖచ్చితంగా తెలుసుకోకుండా నీకు ఏం రాయాలి? "ఏమీ కాలేదులే అక్కా" అని రాస్తే నన్ను ఊరడిస్తున్నాడు అనుకుంటావు. అందుకే ఆలస్యమైంది. ఈ ఉత్తరం అయిదు సాయంత్రాలు రాశాను, ప్రతి మాటా మేడమ్‌కి చూపించి సరిచూసుకున్నాను, కాబట్టి నమ్ము.

నీ ఉత్తరం మేడమ్‌కి చదివి వినిపించాను. నాకు సిగ్గేసింది కానీ వినిపించాను. ఆమె నన్ను ఇంకో డాక్టరు దగ్గరికి పంపింది. రెండు రోజులు నాచేత చదివించారు, రాయించారు, అర్థం లేని మాటలు పలికించారు. తర్వాత తలని స్కాన్ తీశారు. పెద్ద గొట్టంలో పడుకోబెట్టి, కదలొద్దన్నారు. లోపల చప్పుడు రోడ్డు రోలరు కంటే ఎక్కువ. నేను నవ్వాను, కదలొద్దని మళ్ళీ తిట్టారు.

ముగ్గురు డాక్టర్లు ఆ బొమ్మ చూశారు. ఇరవై రెండేళ్ళ అనుభవంతో నేనూ చూశాను. పాత దెబ్బ తాలూకు మచ్చ ఎక్కడా లేదు. దెబ్బ తిన్న మెదళ్ళు నా గదిలో నాలుగున్నాయి, అవి ఎలా ఉంటాయో నాకు తెలుసు. బొమ్మ ఒక్కటే చూసి అన్నీ చెప్పలేమని మేడమ్ అంది. కానీ చదువులో నా ఇబ్బంది దెబ్బ వల్ల వచ్చే రకం కాదట. దాన్ని డిస్లెక్సియా అంటారు. పుట్టుకతో వస్తుంది, తెలివితో సంబంధం లేదు. అక్షరాన్నీ దాని శబ్దాన్నీ కలిపే దారి కొందరికి సన్నగా ఉంటుందట. చాలామందికి కుటుంబంలో వస్తుంది. మనింట్లో ఇంకెవరికైనా ఉందా అని అడిగారు. నాకెవరూ గుర్తు రాలేదు. నీకు తెలుసా?

ఇంకోటి. నువ్వు దుప్పటి మీద నేర్పిన పద్ధతి చెప్పాను. అక్షరం పెద్దగా గీయడం, వేలితో దిద్దించడం, అదే క్షణంలో గట్టిగా పలికించడం. ఆ డాక్టరు పెన్ను కింద పెట్టి, మీ అక్కగారు ఎక్కడ ట్రెయినింగ్ తీసుకున్నారు అని అడిగింది. అలాంటి పిల్లలకి ఇప్పుడు అలాగే నేర్పుతారట. సన్నదారిని రోజూ నడిచి వెడల్పు చేశారు ఆమె, లేకపోతే మీరు ఈ ఫారం కూడా నింపలేకపోయేవారు అంది. నాకు అప్పుడు కలిగినంత గర్వం జన్మలో కలగలేదు. మా అక్క టైలరండీ, ట్రెయినింగ్ దుప్పటి మీద అని చెప్పాను.

నువ్వు పాడుచేసింది లేదక్కా. బాగుచేసింది మాత్రం ఉంది. దాన్ని భయం అనుకుంటే అనుకో. వేలు పట్టుకుని దిద్దించినప్పుడు నాకు అది ప్రేమలాగే ఉండేది.

పరీక్షలో ప్రశ్నలు చదివి వినిపించడానికి మనిషినిస్తారట, గంట ఎక్కువ సమయం ఇస్తారట. స్కాన్ బొమ్మ ఒకటి ఇందులో పెట్టాను. మడతపెట్టకు.

నీ తమ్ముడు

---

అక్టోబరు 13

తమ్ముడూ,

బొమ్మ అందింది. రెండు రోజులు బ్లౌజు ముక్కల మధ్య దాచి, ఎవరూ లేనప్పుడు తీసి చూశాను. ముందు నమ్మలేదు. నువ్వు మంచివాడివి, నాకోసం అబద్ధం చెప్పే రకానివి. తర్వాత నీ ఉత్తరం మళ్ళీ చదివాను. మనింట్లో ఇంకెవరికైనా అని నువ్వు అడిగిన ముక్క దగ్గర ఆగిపోయాను.

లేదు అని రాయబోయాను. నాన్న రోజూ పేపరు తెప్పించేవాడు కదా అనుకున్నాను. తెప్పించేవాడు, నిజమే. కానీ చదివింది ఎవరు? "కళ్ళజోడు కొట్టులో మర్చిపోయాను, నువ్వు చదువు, నేను వింటాను" అని అమ్మకిచ్చేవాడు. ప్రతిరోజూ మర్చిపోయేవాడు! వడ్రంగి పనిలో కొలతలన్నీ నోటికే, కాగితం మీద పెట్టడం ఎవరూ చూడలేదు. నీ ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం చేయమంటే, చేతికి జిగురంటిందని నాచేత పెట్టించాడు. నిన్ను మాత్రం ఒక్కసారి కూడా మొద్దు అనలేదు. గుర్తుందా?

ఇంకా విను. నాకు నలభై దాటాక చూపు తగ్గితే నాన్న కళ్ళజోడు తీసి పెట్టుకుని చూశాను. అది ఉత్త గాజు. కళ్ళజోళ్ళ కొట్టువాడు నాన్నని మోసం చేశాడని వెళ్ళి పోట్లాడి వచ్చాను. పాపం ఆ ముసలాయన నావంక చూసి, కళ్ళజోడు తుడిచి చేతికిచ్చాడు. ఆయనకి తెలిసే ఉంటుంది.

షాపులో ఒక్కదాన్నే కూర్చుని అరగంట ఏడ్చాను, తర్వాత నవ్వాను. నలభై నాలుగేళ్ళు రాతి మెట్టుని తిట్టుకున్నాను.

ఆదివారం అమ్మాయిని పిలిచి అంతా చెప్పాను. రోడ్డు రోలరు దగ్గర్నుంచి.  అది చాలాసేపు నా టేపు చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. "నేను నచ్చలేదేమో అనుకున్నానమ్మా" అని మాత్రం అంది. సోమవారం పొద్దున్న పాపని తెచ్చి చాప మీద కూర్చోబెట్టి పోస్టాఫీసుకి పోయింది. గీతలన్నీ మళ్ళీ చెరిగిపోతున్నాయి.

మెదడు బొమ్మ చూస్తే ఎవరో నేర్పుగల టైలరు బోలెడంత గుడ్డని చిన్న పట్టీలో కుచ్చులు పోసి ఇరికించినట్టుంది. కుట్టు ఎక్కడా తప్పలేదు. బాగా చదువు.

మీ అక్క

---

నవంబరు 28

అక్కా,

పాసయ్యాను. వందకి అరవై నాలుగు.

మేడమ్ నోటీసు బోర్డు దగ్గర నిలబెట్టి చెయ్యి కలిపింది. ఆ మొదటి విద్యార్థిని గుర్తుందా, చెవి వెనక ముక్క అడిగిన అమ్మాయి, అన్నా అని అరిచి నలుగుర్ని పోగుచేసింది. జనవరి నుంచి ట్రేల దగ్గర చూపించి చెప్పేది నేనే. గది తలుపు మీద నా హోదా రాసిన చెక్క పెట్టారు. దాని ముందు నిలబడి అయిదుసార్లు చదివాను. ఒక్కసారి కూడా అక్షరం కదల్లేదు.

మెదడు అని పేపర్లో పందొమ్మిది చోట్ల రాశాను. పద్దెనిమిది సరిగ్గా వచ్చాయి.

చివరి ప్రశ్న గురించి నీకు చెప్పాలి. నేర్చుకోవడం మనిషి నడవడికని ఎలా మారుస్తుందో ఒక ఉదాహరణతో రాయమన్నారు. అందరూ గంట చప్పుడుకి నోరూరే కుక్క గురించి రాశారు. నేను తొమ్మిదేళ్ళ అమ్మాయి గురించి రాశాను. పేరు రాయలేదులే. మెదడు లోపల బాదం గింజంత ముక్క ఒకటుంది, భయాన్ని అది ఒక్కసారికే నేర్చుకుంటుంది. అక్షరానికి నెల పడుతుంది, భయానికి ఒక్క క్షణం చాలు. ఆ అమ్మాయి ఒక మధ్యాహ్నం నేర్చుకున్న భయంతో నలభై నాలుగేళ్ళు ఏ బిడ్డనీ నిలబడి ఎత్తుకోలేదు అని రాశాను. ఆ భయం చెరిగిపోదు, కానీ దానిమీద కొత్త పాఠం నేర్చుకోవచ్చు, కొద్దికొద్దిగా, మళ్ళీ మళ్ళీ, ఏమీ కాలేదని శరీరానికి చూపిస్తూ. దుప్పటి మీద అక్షరం దిద్దినట్టే.

ఆ అమ్మాయి ఇప్పుడు ఎత్తుకోగలదా అన్నది మాత్రం ఇంకా తెలియదు అని ముగించాను. మేడమ్ పక్కన మంచి ఉదాహరణ అని రాసి, పదికి తొమ్మిది వేసింది. ఆ ఒక్క మార్కు ఎందుకు తగ్గించారని అడిగాను. "ముగింపు రాయలేదుగా" అంది.

నీ తమ్ముడు

---

డిసెంబరు 10

ఒరేయ్ మొద్దూ, (ఇక భయం లేకుండా పిలుస్తాను),

అరవై నాలుగు! నూటికి అరవై నాలుగు అని వీధంతా చెప్పాను. కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు కొలతలివ్వడం మానేసి నీ సంగతే వింటున్నారు. బస్సు డ్రైవరు, మెడ నయమైపోయిందని చెప్పమన్నాడు.

నీ బొమ్మకి అద్దం కట్టించి, షాపులో నిలువుటద్దం పక్కన ఎత్తుగా తగిలించాను. ఇది ఏం డిజైనండీ అని అడుగుతున్నారు. మా తమ్ముడి తల అంటే నోరెళ్ళబెడుతున్నారు. కింద చీటీ మీద 'మా తమ్ముడి మెడదు' అని రాసి అంటించాను. నిన్న ఒక టీచరమ్మ, అక్షరాలు తారుమారయ్యాయండీ అంది. తెలుసమ్మా, కావాలనే రాశాను అన్నాను. సరిగ్గా రాస్తే అందులో దడ ఉంటుంది.

ఇక అసలు సంగతి.

నీ ఉత్తరం రాకముందే మొదలుపెట్టాను, చెప్పలేదంతే. మొదట మంచం అంచున కూర్చుని పాపని ఒళ్ళో నిలబెట్టుకున్నాను. వారం తర్వాత గోడకి ఆనుకుని సగం లేచాను. నిలబడలేక కూర్చుండిపోయాను. మర్నాడు మళ్ళీ లేచాను. ఎన్నిసార్లో లెక్కపెట్టలేదు. అమ్మాయి రెండు చేతులూ చాచి ఎదురుగా నిలబడేది, నాకో, పాపకో ఏదైనా అయితే పట్టుకోవడానికి. ఒకరోజు చేతులు దించేసి పక్కకి వెళ్ళిపోయింది.

నాలుగు రోజుల కిందట సాయంత్రం నీ ఉత్తరం అందింది. చదివి, కత్తెర పక్కన పెట్టి, పాపని చంకనెత్తుకుని లేచాను. గోడ పట్టుకోలేదు. దడ పుట్టింది, ఎందుకు పుట్టదు. దడతోనే నడిచాను, మిషను దాటి, నిలువుటద్దం దాటి, నీ బొమ్మ దాకా. "ఇదిగో చూడు, మీ తాతయ్య" అన్నాను. పాప అద్దం మీద అరచేత్తో ఒక్క దెబ్బ వేసి కేరింతలు కొట్టి, ముందుకు ఎగిరింది. సరిగ్గా నీలాగే.

పట్టుకున్నాను.

గుమ్మంలో అమ్మాయి నిలబడి చూస్తోంది. లోపలికి వచ్చి నా భుజం మీద తల పెట్టింది. ఒక చంకలో పాప, ఒక భుజం మీద ఇరవై ఎనిమిదేళ్ళ నా కూతురు. అలాగే నిలబడ్డాం, గిరాకీ వచ్చి పిలిచేదాకా.

మీ మేడమ్‌కి నా నమస్కారాలు చెప్పు. ముగింపు వచ్చింది, ఆ ఒక్క మార్కూ వేసేయమను.

మీ అక్క